నీళ్ళు తగిలితే కంపు కొట్టే రాయి

మా ప్రాంతపు రాళ్ళ గురించి చాలామంది రాశారు. కుప్పం పచ్చ గ్రానైటు మీద రాశారు, మదనపల్లె కొండల వయసు మీద రాశారు, పుంగనూరు దారిలో గుట్టలెక్కి ఫొటోలు దిగి మరీ రాశారు. వాళ్ళలో ఒక్కరికీ నా దగ్గరికి వచ్చి నీ రాయి సంగతేమిటని అడగాలని తోచలేదు. నేనే వెళ్ళి చెప్పబోతే గడియారాలు చూసుకున్నారు. ఒకాయనైతే నా మాట సగంలో ఉండగా సెల్‌ఫోను చెవికి ఆనించుకుని "హలో, హలో" అంటూ బయటికి నడిచాడు. ఫోను మోగలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు చెవులున్నాయి. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఎవరూ అడగలేదు కాబట్టి అడగకుండానే రాస్తున్నాను.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. నాది మదనపల్లె. పుంగనూరులో హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఆ వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం ఆకాశంలో పెద్ద చప్పుడైంది. క్వారీలో మందు పేల్చారని అందరూ అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. మరునాడు పొద్దున టీ అంగట్లో, రామసముద్రం వైపు నుంచి పాలు తెచ్చే వ్యాను డ్రైవరు నన్ను పట్టుకున్నాడు.

"సారూ, మీరు సైన్సు గదా. మా పక్కూర్లో ఒగాయన చేన్లో ఆకాశం నుంచి రాయి పడిండాది. దేవుడని కొందరు, దయ్యమని కొందరు. మీరేమంటారు?"

"చూడకుండా ఏమీ అనను."

"సూసేదానికి పోతే ముక్కు మూసుకోని పోండి," అని నవ్వి బండెక్కాడు.

ముక్కు సంగతి ఎందుకన్నాడో అక్కడికి వెళ్ళాక తెలిసింది. దున్ని వదిలేసిన చెనిక్కాయ చేను, అంటే వేరుశనగ చేను అది. రాయి చేన్లో ఉన్న బండ మీద పడి పగిలింది. అన్నిటికన్నా పెద్ద ముక్క కొబ్బరికాయంత. దాన్ని ఆ రైతు ఇంటి ముందు పీట మీద పెట్టారు, పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. అభిషేకమని బిందెతో నీళ్ళు పోశారు. నీళ్ళు పడగానే రాయి మురిగిన కోడిగుడ్ల కంపు కొట్టింది. హారతి పళ్ళెం పట్టుకున్నవాళ్ళు పళ్ళెం కింద పెట్టి పారిపోయారట. నేను వెళ్ళేసరికి దేవుడా దయ్యమా అన్న వాదన అయిపోయింది. రాయి దేవుడే, కానీ దాన్ని ఎవరో మైలపరిచారు అన్న చోటికి ఊరు వచ్చి ఆగింది. ఆ ఎవరో ఎవరన్నది కూడా తేలిపోయింది.

రాయి పడ్డప్పుడు చేన్లో ఉన్నది ఆ రైతు భార్య ఒక్కతే. ముక్కల్ని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది ఆమే. ఆమెను వాకిట్లో నిలబెట్టి ఉన్నారు. చుట్టూ మగవాళ్ళు. అత్త గడప మీద కూర్చుని ఆకు నములుతోంది.

"యాల సారూ వచ్చినారు?" అని, ఎందుకొచ్చావన్నట్టు అత్తే నన్ను అడిగింది. "సూసేదానికేముండాది? అది బయటుండి ముట్టుకునె. దేవుడు కంపు కొట్టి చెప్పె."

మా వైపు బయట ఉండటమంటే ముట్టులో ఉండటం.

"నేను బయట లేను," అంది కోడలు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. "పోయిన వారమే తలకు పోసుకుంటి. మీకు తెలీదా అత్తా, మీరే గదా నీళ్ళు కాంచిచ్చింది?"

"నాకేం గుర్తు?" అంది అత్త.

ఆ మాట అనేటప్పుడు అత్త ఆకు నమలడం ఆపలేదు. గుర్తుందని ఆ దవడలు చూస్తేనే తెలుస్తుంది. ఆమెకు కోడలంటే మొదట్నుంచీ పడదని తర్వాత విన్నాను. రాయి పడకపోతే ఇంకేదో పడేది.

నేను ఆ అమ్మాయిని ఒక్కటే అడిగాను: "ఎత్తినప్పుడు వేడిగా ఉందా?"

"లేదు సారూ. సల్లగా ఉండె. ఐసు మాదిరి."

అందరూ నవ్వారు. "మంటల్లో వచ్చింది సల్లగా ఉండెనంట," అన్నాడు ఒకడు. "అబద్ధం చెప్పినా అతకాల గదప్పా."

నాకు మాత్రం అక్కడే నమ్మకం కుదిరింది. ఆకాశం నుంచి పడే రాయి లోపల అంతరిక్షపు చలి ఉంటుంది. గాలిని రాసుకుంటూ వచ్చేటప్పుడు పైపొర మాత్రమే కరుగుతుంది, అదీ క్షణాల్లో ఊడిపోతుంది. ఇది చదివినవాళ్ళకే తెలియాలి. ఆ అమ్మాయి చదవలేదు. చదవకుండా ఈ అబద్ధం ఆడటం కుదరదు.

రాయి మామూలుగా లేదు. పైన మీగడ రంగులో నిగనిగలాడే పలుచని పొర, లోపల తెల్లటి పలుకులు, వాటి మధ్య అక్కడక్కడా చింతగింజ రంగు చుక్కలు. చేత్తో నలిపితే అంచు పొడి రాలుతోంది. కంచెలో పడి ఎవరూ తాకని ముక్క ఒకటుంటే నేనే ముళ్ళు తప్పించి తీశాను. చింతగింజ రంగు చుక్క ఉన్న చిన్న పలుకు విరిచి, అందరి ముందూ ఒక గ్లాసులో వేసి నీళ్ళు పోశాను. అదే కంపు.

"చూశారా? దీన్ని ఏ ఆడమనిషీ ముట్టలేదు. అయినా వాసన వచ్చింది. ఇది రాయి గుణం."

"అదీ ఇదీ ఒగే రాయి గదా సారూ," అన్నాడు ఊరి పెద్ద. ముసలాయన, మంచి గొంతు. "ఒళ్ళంతా ఒగటే. కాల్లో ముల్లు గుచ్చుకుంటే కంట్లో నీళ్ళు రావా?"

అందరికీ అది శాస్త్రంలాగే వినిపించింది. అప్పుడు నేను గొంతు పెంచి అన్నాను: "ఇది భూమి రాయి కాదప్పా. ఇది బయటిది. బయటిది కాబట్టే ఈ వాసన."

అత్త లేచి నిలబడింది. "విన్నారా? సారు నోట్లో నుంచే వచ్చె. బయటిదంట!"

నేను భూమికి బయట అన్నాను. వాకిట్లో వాళ్ళందరికీ ఆ మాటకు ఒకటే అర్థం. మళ్ళీ చెప్పాను, ఆకాశమన్నాను, గ్రహాలన్నాను, చేతులు తిప్పి చూపించాను. ఎవరూ వినలేదు. అది నా తప్పని తర్వాత కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. సైన్సు మాస్టరు ఆకాశం గురించి మాట్లాడుతుంటే ఆడదాని ముట్టు గురించి వినేవాళ్ళది తప్పు కాక నాది ఎట్లా అవుతుంది?

ఊరి పెద్ద తీర్పు చెప్పాడు. "నీ మాట మేము తీసెయ్యము సారూ. కానీ నువ్వు పిల్లోళ్ళకు చెప్పే అయివోరివి. రాళ్ళ సదువు సదివిన పెద్ద సారెవరన్నా వచ్చి, ఇది ఆకాశం నుంచి వచ్చింది, కంపు దీని గుణమే అని నోటితో చెప్పనీ. అప్పుడు ఆయమ్మ ఇంట్లోకి వస్తాది. అంతదంక కొట్టంలో ఉంటాది."

కొట్టమంటే ఆవుల కొట్టం. ఆమె మొగుడు అక్కడే ఉన్నాడు. తువ్వాలు సర్దుకున్నాడు.

నేను మదనపల్లె వెళ్ళి కాలేజీ లైబ్రరీలో పాత ఖనిజాల పుస్తకం తీయించాను. తీసిచ్చినాయన దుమ్ము నా వైపే దులిపాడు, అదీ గుర్తుంది. నేను ఊహించినట్టే ఉంది. భూమి మీద కాల్షియం దాదాపు ఎక్కడున్నా ఆక్సిజన్‌తోనే కాపురం చేస్తుంది. సున్నపురాయి అయినా, మన ఎముక అయినా అంతే. కానీ ఆక్సిజన్ దాదాపు దొరకని చోట పుట్టిన కొన్ని ఆకాశపు రాళ్ళల్లో కాల్షియం గంధకంతో కలుస్తుంది. ఆ ఖనిజం పేరు ఓల్డ్‌హమైటు. నేల మీద సహజంగా అది నిలవదు, గాలిలో తేమ తగిలినా చాలు, విడిపోతుంది. విడిపోయేటప్పుడు వచ్చేదే కుళ్ళిన గుడ్ల వాసన. కొన్ని వందల కోట్ల ఏళ్ళు ఆకాశంలో భద్రంగా ఉన్న ఖనిజం ఒక్క బిందె నీళ్ళకు చచ్చిపోతుంది. అభిషేకం చేసిన పెద్ద ముక్కలో అది అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది. నా దగ్గర కంచె ముక్క ఒక్కటే మిగిలింది. స్కూలు ల్యాబులో తేమను పీల్చే కాల్షియం క్లోరైడు ఉంటే, మూత గట్టి సీసాలో కాస్త వేసి, పైన రాయి పెట్టి, మూత చుట్టూ మైనం పోశాను.

అప్పుడు కుప్పంలో గ్రానైటు క్వారీల పరిశీలనకు నగరం నుంచి ఒక పెద్ద సారు వచ్చి గెస్ట్‌హౌసులో దిగి ఉన్నాడు. రాళ్ళ శాస్త్రంలో గొప్పవాడని చెప్పారు. పేరు రాయను. ఆయనకు తెలుసు ఈ రాత తన గురించేనని.

బస్సు దిగి వెళ్ళేసరికి ఆయన వరండాలో టిఫిను చేస్తున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. కూర్చోమనలేదు. ఆయన ఇడ్లీలు అయ్యేవరకు, కాఫీ అయ్యేవరకు నిలబడి చెప్పాను. సీసా మూత తీసి, చేయి తుడుచుకోకుండానే రాయి తీశాడు. జేబులోంచి అయస్కాంతం తీసి తాకించాడు. సరిగా అంటలేదు.

"మాస్టారూ, ఉల్క అంటే నల్లగా ఉండాలి, బరువుండాలి, అయస్కాంతానికి అతుక్కోవాలి. మీరు సున్నం ఉండ తెచ్చారు."

"అన్నీ నల్లగా ఉండవండి. ఇనుము లేని రాయి అయితే..."

"మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పమన్నాను. ఇది ఏదో బట్టీలో మాడి మిగిలిన చిట్టెం అన్నాడు. బట్టీ చిట్టెంలో కూడా ఆ వాసన వచ్చే పదార్థం ఉంటుందన్నాడు. అది నిజమే, నేను కాదనను. కానీ అట్లాంటి చిట్టెం రావడానికి ఇనుము కరిగించే బట్టీ కావాలి. రామసముద్రం పక్క చేన్లలో ఇనుము ఎవరు కరిగించారు? అడిగాను. లోపల ఏముందో కోసి చూద్దాం రమ్మని జీపెక్కాడు. నన్ను వెనకాల డీజిలు డబ్బాల పక్కన ఎక్కమన్నాడు.

గ్రానైటు ఫ్యాక్టరీలో వజ్రపు పలుకులు తాపిన రంపం మీద ధారగా నీళ్ళు పడుతుంటాయి, లేకపోతే రంపం కాలిపోతుంది. ఆ నీళ్ళే తొట్టిలోకి పోయి మళ్ళీ వస్తాయి. "సార్, నీళ్ళు వద్దు. నీళ్ళు తగిలితే మనకు కావలసినదే పోతుంది. చేత్తో పొడిగా విరిచి చూడండి," అని రంపానికి అడ్డం నిలబడ్డాను. ఆయన నా భుజం పట్టి, పక్కనున్న గొడుగును జరిపినట్టు జరిపాడు.

రంపం దిగింది. కంపు షెడ్డంతా నిండింది. పనివాళ్ళు ముక్కులు మూసుకుని ఇకిలించారు.

"ఏం సారూ, గుడ్లు గట్టిగా తినిండారా?" అన్నాడొకడు, నన్నే చూసి.

"సార్, ఇదే! ఇదే వాసన!" అన్నాను.

"తొట్టి కడిగి ఎన్నాళ్ళయిందయ్యా?" అన్నాడు పెద్ద సారు పనివాళ్ళతో. ఇక అంతే. నా ఖనిజం నా కళ్ళముందు నీళ్ళల్లో కలిసి కాలువ పట్టింది, ఆయనకు తొట్టి కంపు కొట్టింది. నిలువునా సగానికి కోయలేదు, ఒక వైపు పలకలా కోశాడు. తడిసిన పలకను మైక్రోస్కోపుకు అన్నాడు. మిగిలిన లావు ముక్కను కాగితంలో చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు. "నా ముక్క నాకివ్వండి సార్" అంటే, "చూసి పంపిస్తాలెండి" అన్నాడు.

ఊరికొచ్చి చెప్పమని బతిమాలాను. కొట్టంలో ఆడపిల్ల ఉందని చెప్పాను. మదనపల్లె వెళ్ళే దారిలో ఆగుతానన్నాడు, ఆగాడు కూడా. ఆగకపోయినా బాగుండేది.

ఊరంతా చేరింది. ఆమె కొట్టం గుంజ పక్కన నిలబడి ఉంది, తల దువ్వుకుని. పెద్ద సారు వస్తాడు, మంచి మాట చెబుతాడని నేనే ముందు రోజు చెప్పాను. అందుకే దువ్వుకుంది. ఆయన జీపు దిగి, పీట మీది పసుపు రాసిన రాయిని బూటు మొనతో కదిపాడు.

"ఇది ఆకాశమూ కాదు, దేవుడూ కాదు. బట్టీ చిట్టెం. ఎవరో పారేశారు. పారెయ్యండి."

ఊరి పెద్ద చేతులు కట్టుకుని అడిగాడు: "అట్లయితే సామీ, నీళ్ళు పోస్తే ఆ కంపు యాల వచ్చినట్టు?"

ఇక్కడ ఒక్క వాక్యం చెబితే చాలు. గెస్ట్‌హౌసులో నాకు చెప్పిన వాక్యమే, చిట్టెంలో కూడా ఆ పదార్థం ఉంటుందన్న వాక్యం. ఆయనకు తెలుసు. జీపెక్కుతూ నవ్వి, "వాసనల సంగతి నన్నడిగితే ఎట్లాగయ్యా? మీ ఆడవాళ్ళనడగండి" అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. పెద్ద సారు సరదాగా అన్నాడు, నాకు తెలుసు. మనిషిని సరదాగా చంపితే చచ్చిన మనిషికి తేడా తెలుస్తుందా?

ఆమెను ఆ సాయంత్రమే రామకుప్పం దగ్గర పుట్టింటికి బస్సెక్కించారు. మిగిలిన ముక్కలన్నీ ఏరి పాడుపడిన బావిలో పోశారు. ఆ ఏడు తిరక్కముందే మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. కొన్నేళ్ళకు అత్తకు పక్షవాతమొచ్చి, మంచంలోనే అన్నీ అయ్యి, ఊరంతా ఆమె గది ముందు ముక్కు మూసుకుని నడుస్తోందని పాల వ్యాను డ్రైవరు చెప్పాడు. అయ్యో అనమన్నట్టు చూశాడు. నేను అనలేదు. టీ ఇంకొకటి తాగాను, ఆ రోజు టీ బాగుంది కూడా.

స్కూల్లో నాకు రాయిసారు అని పేరొచ్చింది. ఒక పొద్దున నా టేబులు మీద మురిగిన గుడ్డు పెట్టి, "గ్రహాంతరం నుంచి" అని చీటీ అంటించారు. ఎవరు పెట్టారో తెలుసు, తెలుగు అయ్యవారు. ఆయన కూతురి పెళ్ళికి పోలేదు, ఆయన శవాన్ని చూడ్డానికీ పోలేదు. పెద్ద సారుకు నేను రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. టెలిఫోను చేస్తే ఎవరో ఎత్తి, "ఎవరు? గుడ్ల మాస్టారా?" అని పెట్టేశారు. అంటే అక్కడ కూడా చెప్పుకుని నవ్వారన్నమాట.

కొత్త శతాబ్దం వచ్చాక మదనపల్లెలో ఇంటర్నెట్టు సెంటర్లు వచ్చాయి. ప్లైవుడ్ గూట్లో కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. మీగడ రంగు పొర. తెల్లటి పలుకులు. చింతగింజ రంగు చుక్కలు. ఆబ్రైటు అనే జాతి ఉల్క. ఇనుము చాలా తక్కువ, అయస్కాంతానికి సరిగా అంటదు, పైపొర నల్లగా ఉండదు, తేమ తగిలితే గంధకపు వాసన రావచ్చు. తెల్లటి పలుకులు ఎన్‌స్టటైటు, భూమి మీద అదే ఖనిజంలో ఇనుము కలిసి ఉంటుంది, దీంట్లో దాదాపు ఉండదు. ఈ రకం రాళ్ళు లోకంలో చాలా అరుదు. గూట్లో కూర్చునే గట్టిగా అరిచాను. కుర్రవాళ్ళు తలలు పైకెత్తి చూసి ఏదో చూడకూడనిది చూస్తున్నాననుకున్నారు.

మొదట ఆమెకు చెప్పాలనుకున్నాను. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పలకలు తుడిచే పని చేస్తోందని తెలిసింది. రామకుప్పం వైపు నుంచి వచ్చే ఆమె అని చెప్పి గేటు దగ్గరికి పిలిపించాను. మనిషి ఎండిపోయింది, వెంట్రుకల నిండా రాతి పొడి.

"అమ్మా, అది ఆకాశం రాయే. ఇప్పుడు తెలిసింది. నువ్వు చల్లగా ఉందన్నావే, అది కూడా నిజమే."

చేతులకంటిన పొడి దులుపుకుంది. "నాకు అప్పుడే తెలుసును గదా సారూ. మీకు ఇప్పుడు తెలిసెనా?"

"నీకు న్యాయం జరగాలని..."

"మీ రాయికి జరగాలని. నా పేరేందో చెప్పు సారూ, సూస్తాం."

నాకు తెలియదు. ఆ వాకిట్లో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు.

"బయటిది, బయటిది అని అరిచి పోతివి," అంది. "ఆ పొద్దు నువ్వు రాకుండా ఉంటే, రెండు దినాలు తిట్టి ఊరుకుందురు. నువ్వు పంచాయితీ చేస్తివి, పెద్ద సారును తెస్తివి. పో సారూ, మేస్త్రీ జీతం కోస్తాడు."

లోపలికి వెళ్ళిపోయింది. ఆమె మాటను నేను ఒప్పుకోవడం లేదు. రెండు రోజుల్లో ఊరుకునే ఊరు కాదది. కానీ ఆమెకు అనే హక్కుంది. నన్ను అన్నవాళ్ళందరిలో ఆమె ఒక్కదాని మీదే నాకు కోపం రాలేదు.

తర్వాత పెద్ద సారు రిటైరయి, మదనపల్లెలో సన్మానానికి వచ్చాడు. శాలువా కప్పారు. ప్రశ్నలుంటే అడగండి అన్నారు, లేచాను. "సార్, రామసముద్రం పక్క ఊళ్ళో పడిన తెల్లరాయి లావు ముక్క మీ కోటు జేబులో వేసుకున్నారు..." అన్నంతవరకే మైకు పనిచేసింది. ఎవరో తీగ లాగేశారు. పైనుంచి ఆయన నన్ను గుర్తుపట్టాడు. కళ్ళు తిప్పుకోవడానికి కాస్త ఆలస్యమైంది, ఆ ఆలస్యం నేను చూశాను.

అయ్యా, ఇప్పుడు మైకు నా చేతిలో ఉంది. ఆ లావు ముక్క లోపలి భాగం రంపపు నీళ్ళు ఇంకనిది. ఊళ్ళో ముక్కలు బావి పాలయ్యాయి, లోకంలో మిగిలిన పొడి ముక్క మీ దగ్గరున్నదొక్కటే. దాన్ని ఎప్పుడైనా విరిచి చూశారా? ఒక్క చుక్క నీరు వేశారా? వేస్తే మీ ముక్కుకు ఏం తెలిసింది? తెలిసి కూడా నోరు మూసుకున్నారా, లేక కాగితం కూడా విప్పకుండా ఏ చెత్తబుట్టలోనో పడేశారా? మీకు వయసైపోయిందని, ఇబ్బంది పెట్టవద్దని మీ శిష్యులు నాకు కబురు పంపారు. కొట్టంలో తల దువ్వుకుని నిలబడ్డ అమ్మాయికి కూడా వయసైపోయింది. మీరు పోయాక మీ ఇంటివాళ్ళు మంచి మాటలు చెప్పి నన్ను పంపించేస్తారు, అది నాకు వద్దు. ఊపిరుండగా మీరే చెప్పాలి. రామసముద్రం దాకా రానక్కర్లేదు, కుప్పం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రండి. ఆమె పేరు అడిగి తెలుసుకుని, ఆ పేరుతో పిలిచి, ఆ వాసన ఎక్కడిదో ఆమెకు చెప్పండి. నేను పక్కనే నిలబడి వింటాను. ఎప్పుడొస్తున్నారు?